గోడ ఆడిన ఆట

బరంపురం,
వినాయక చవితి వెళ్ళిన వారం.

ధనరాజు అమ్మగారికి నమస్కారాలు.

నా పేరు వసుధ. మనం ఒకరినొకరం చూసుకోలేదు. ఎండాకాలంలో మీ ఇంటికి ఒక చిన్న పార్సిలు వచ్చి ఉంటుంది, లోపల ఆట ఆడే పెట్టెకి బిగించే గుండ్రటి రంగు బటన్లు. అవి పంపింది నేనే. మీ అడ్రసు నా దగ్గర అలా మిగిలింది. మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. బడిలో నాకు ఒడియా, ఇంగ్లీషే. తెలుగు రాయడం నాన్నగారి చలవ. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీ అబ్బాయి ఆడే ఫైటింగ్ గేమ్ మీరు చూసే ఉంటారు. తెర మీద ఇద్దరు కొట్టుకుంటారు. పైన ఇద్దరి ప్రాణానికీ చెరొక గీత. ఎవరి గీత ముందు కరిగిపోతే వాళ్ళు ఓడినట్టు. దీనికి పెద్ద పోటీలే ఉంటాయి. నేను చాలా ఏళ్ళుగా ఆడుతున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమ ఆటలు రికార్డు చేసి నాకు పంపుతారు. నేను ఆపి ఆపి చూసి, తప్పు ఎక్కడ మొదలైందో చెబుతాను. అందరికన్నా ఎక్కువ పంపేది ధనరాజు. అదీ ఓడిన ఆటలే. గెలిచినవి పంపవేమని అడిగితే, "గెలిసిందాన్లో నేర్సుకోడానికి ఏటుందక్కా?" అంటాడు.

ఆషాఢంలో ఒక ఆట పంపాడు. ఆ రోజు నేను ఆఫీసు నుంచి చిరాకుతో వచ్చాను. విడిగా చెప్పాల్సిన మాట గ్రూపులో అందరూ వినేలా వాయిస్ పెట్టాను. "నీకు చేతులున్నాయి, గుండె లేదు. మూలకి నెట్టగానే భయపడి గెంతుతావు. గెంతినవాణ్ణి కొట్టడం చిన్నపిల్లలకి కూడా వచ్చు. ఇలా ఆడేవాడు బరంపురం పోటీకి రాకపోతేనే పరువు" అన్నాను. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. నేను వాటిని ఆపలేదు.

అప్పటి నుంచి ధనరాజు పలకడం లేదు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడుతోంది. ఫోన్ చేస్తే స్విచాఫ్. అడగడానికి నాకు మీరు తప్ప దారి లేదు. ధనరాజు ఏం చేస్తున్నాడు? ఆట మానేశాడా? అక్క తప్పు ఒప్పుకుందని చెప్పండి. వాణ్ణి ఒక్కసారి తిట్టమనండి నన్ను. అది చాలు.

వసుధ


చికిటి దగ్గర మా ఊరు.
(పోస్టు డబ్బా దాకా వెళ్ళి తిరిగొచ్చిన ఉత్తరం)

వసుధ గారికి,

ఉత్తరం మొదట్లో మేము క్షేమం, మీ క్షేమం తెలపండి అని రాయాలని మా మాస్టారు నేర్పారు. నేను ఇచ్ఛాపురం అవతల పుట్టాను. అయిదు దాకా తెలుగు చదివాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

మీరు క్షమించమని అడిగిన పిల్లవాడు లేడమ్మా. ఆషాఢంలో పిడుగు పడి పోయాడు. చికిటిలో ఫోన్లు బాగుచేసే షాపు నుంచి మధ్యాహ్నం అన్నానికి సైకిలు మీద వస్తున్నాడు. చినుకులు పడుతున్నాయని మొగలి డొంక పక్కన ఆగాడు. అంతే. జేబులో ఫోను కూడా కాలిపోయింది. మీకు రెండో టిక్కు అందుకే పడలేదు. మీ మాటకీ వాడు పలకకపోవడానికీ ఏ సంబంధమూ లేదు.

ఇంతవరకు రాసి, మీ పార్సిలు అట్ట మీది అడ్రసు కత్తిరించి, అన్నం మెతుకులతో కవరుకి అంటించి, చికిటి పోస్టు దాకా వెళ్ళాను. డబ్బా దగ్గర నిలబడి మీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఇప్పుడు ఇంటికొచ్చి, కవరు చింపి, కింద ఇది రాస్తున్నాను.

ఊళ్ళో అందరూ వాడి గురించి, "మంచోడు, అలగుండీవోడు, ఇలగుండీవోడు" అంటున్నారు. మీరొక్కరే వాడేం చేస్తున్నాడని అడిగారు. ఇది డబ్బాలో వేస్తే మీరు కూడా వాళ్ళలాగే మాట్లాడతారు. కొన్నాళ్ళు మీ దగ్గరైనా వాణ్ణి ఉండనివ్వండి. మీ మీద తప్పు లేదని తెలిసి కూడా నేను చెప్పడం లేదు. ఇది పాపమే. తెలుసు.


చికిటి దగ్గర మా ఊరు,
మహాలయ పక్షం.

వసుధ గారికి నమస్కారం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఉత్తరం అందింది.

మా ధనరాజు సూరత్ వెళ్ళాడు. వాళ్ళ నాన్న తవిటయ్య అక్కడే మగ్గాల మిల్లులో ఉంటాడు. మా వైపు ఇంటికొక మగాడు సూరత్‌లోనే కదా. వాడి ఫోను పోయింది. కొత్తది ఇంకా కొనలేదు, మిల్లులో ఫోను వాడనివ్వరట. ఆదివారం వాళ్ళ నాన్న ఫోన్లోంచి వాడు నాతో మాట్లాడతాడు. మీరు ఏదైనా చెప్పాలంటే నాకు రాయండి, చదివి వినిపిస్తాను.

వాడికి మీ మీద కోపం లేదు.

ఒక మాట అడుగుతాను, చదువు లేనిదాన్ని, నవ్వకండి. వాడి ఆటలో ఇంకా ఏటేటి తప్పులున్నాయి? మంచివి ఏమైనా ఉన్నాయా? నేను ఇంట్లో వాడి పక్కనే ఉండేదాన్ని గాని, కూర మాడుతుందనీ, మొగలి పూలు కొయ్యడానికి వెళ్ళాలనీ నా గొడవలో నేను ఉండేదాన్ని. మీరు ఆపి ఆపి చూశారు. మీకు తెలిసినంత వాడు నాకు తెలియదేమో అనిపిస్తోంది. వివరంగా రాయండి. పెద్ద ఉత్తరమైనా చదువుకుంటాను.

ధనరాజు తల్లి


బరంపురం,
దసరా ముందు.

పిన్ని గారికి,

మీ ఉత్తరం చూసి ఎంత ఊపిరి పీల్చుకున్నానో. నన్ను గారు అనకండి, మీరు అనకండి. ధనరాజుకి అక్కనైతే మీకు కూతురి వరసే.

కానీ సూరత్ అంటే నాకు కష్టంగా ఉంది. వాడు మిల్లుకి వెళ్ళే మనిషి కాదు. షాపులో పని ఇష్టమనేవాడు. నా మాట వల్ల ఆట మీద విరక్తి పుట్టి రైలెక్కేశాడేమో అని నాకు నిద్ర లేదు. కోపం లేదని మీరు రాశారు. ఆ మాట వాడి నోటితో వినాలి. వినేదాకా ఎవరి ఆటా చూడను, ఎవరికీ తప్పులు చెప్పను అనుకున్నాను. పిల్లలు పంపుతూనే ఉన్నారు. "అక్కా, చూశావా?" అంటున్నారు. చూడలేదు అంటున్నాను. మనిషిని మాటతో ఊరు దాటించినదాన్ని, నాకెందుకు ఆ పెద్దరికం?

మీరు అడిగినవి రాస్తున్నాను, ఆదివారం చదివి వినిపించండి.

ధనరాజు ఆటలో అందరికన్నా నాకు నచ్చేది మొదలు. రౌండు మొదలవగానే, తెర మీద తను ఆడించే బొమ్మ, ఆ కర్రసాము పిల్ల, రెండుసార్లు వంగి లేచేలా చేస్తాడు. అవతలివాళ్ళకి దణ్ణం పెట్టినట్టు. ఆ వంగే సమయంలో ఎంతమంది వాణ్ణి కొట్టారో. మానెయ్ అన్నాను. "దెబ్బ తగిల్తే తగల్నీ అక్కా, ఎవుల్తో ఆడతన్నానో ఆలకి తెలియాల కదా" అన్నాడు. అవతలివాడి చెయ్యి జారి బొమ్మ ఊరికే నిలబడిపోతే, కొట్టకుండా ఆగుతాడు. ఇది తప్పే. పోటీలో ఇలాంటివాడు ఓడిపోతాడు. కానీ ఇది దిద్దడానికి నాకు మనసొప్పలేదు.

అసలు తప్పు ఒక్కటే. మూలకి నెడితే కుదురుగా నిలబడి అడ్డుపెట్టుకోడు, గెంతుతాడు. నిలబడటం సాధన చెయ్యమన్నాను. దెబ్బలు కొట్టడం సాధన చెయ్యడానికి మటుకు వాడికి ఇంట్లో ఒక గోడ ఉందట. "మా ఇంట్లో గోడుందక్కా, ఎంత కొట్టినా కదల్దు, మద్దిమద్దిలో నన్నే తిడతాది" అని నవ్వేవాడు. ఏ గోడ అని అడిగితే చెప్పలేదు.

ఇంట్లో వాడు ఆట ఆడే మిషనుకి ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది. ఆడినవన్నీ అందులో ఉంటాయి. పంపగలరా? ఈసారి మెత్తగా, వాడికి పనికొచ్చేలా రాస్తాను. అది నేను చెయ్యాల్సిన ప్రాయశ్చిత్తం.

మీ వసుధ


చికిటి దగ్గర మా ఊరు,
కార్తీకం.

అమ్మా వసుధా,

కూతురి వరస అన్నావు కాబట్టి నువ్వు అని రాస్తున్నాను.

నీ ఉత్తరం ఆదివారం కూర్చుని పైకి చదివాను. వాడు ఎక్కడా అడ్డు తగలలేదు, చివరిదాకా విన్నాడు. దణ్ణం సంగతి దాకా వచ్చాను. పక్క ఇంటి జయలక్ష్మి గోడ మీంచి తల పెట్టింది.

"ఏటి కాసమ్మా, ఒక్కదానివీ ఎవుల్తో మాటాడతన్నావు?"

"ఉత్తరం సదువుకుంటన్నాను."

"పైకి సదవాలేటి? ఈదంతా ఇనబడతంది. తవిటయ్య అంత మాటకారి ఎప్పుడయ్యాడే?"

"నీకెందుకే, నీ గిన్నెలు తోముకో."

"తోముకుంటాన్లే. ఆ ముక్క మళ్ళీ సదువు, ఎవడో దణ్ణం ఎట్టాడన్నావు."

మళ్ళీ చదివాను. అది చెంగు నోట్లో పెట్టుకుని లోపలికి పోయింది.

నువ్వు ఎవరి ఆటా చూడనన్నావు. ఆ మాట చదివిన దగ్గర నుంచి ముద్ద దిగడం లేదు. అలా చెయ్యకమ్మా. ధనరాజు ఏటీ అనుకోలేదన్నాడు. అక్క తప్పేం లేదన్నాడు. అందరి ఆటలూ చూడమన్నాడు. ఇంక నీ మనసులోంచి ఆ మాట తీసెయ్యి. నా మీద ఒట్టు.

మిషను వెనక గుచ్చి ఉన్నది ఊడదీసి దీంతో పంపుతున్నాను. ఇదేనా కాదా నాకు తెలియదు. బటన్ల పెట్టె మాత్రం అడగకు, అది ఇవ్వలేను. నేను మొగలి పూలు కోసి అత్తరు బట్టీకి వేస్తాను కదా, ఆ పూలు మోసిన చెక్కపెట్టెకే వాడు కన్నాలు తొలిచి నీ బటన్లు బిగించాడు. ఇప్పటికీ మూత తీస్తే వాసనొస్తుంది.

ధనరాజు తల్లి


బరంపురం,
మార్గశిరం, రెండో గురువారం.

పిన్నికి,

ఇవాళ లక్ష్మీపూజ. మా వీధిలో ఒడియా వాళ్ళంతా బియ్యప్పిండితో గుమ్మం నుంచి లోపలికి లక్ష్మీదేవి అడుగులు వేసుకున్నారు. వాటిని తొక్కకుండా తప్పుకుంటూ వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. చాలా రోజులుగా రాయాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను.

"అక్క తప్పేం లేదన్నాడు" అని రాశారు. అది ధనరాజు మాట కాదు, పిన్నీ. వాడు ఏ తప్పునీ అలా వదిలెయ్యడు. నాతో గంటసేపు వాదిస్తాడు. "ఆపి సూపించక్కా, ఎక్కడ తప్పో" అంటాడు.

పెన్‌డ్రైవ్ చూశాను. వాడు ఓడిన ఆటలు చాలా ఉన్నాయి. వాటి తరువాత ఇంకొన్ని ఉన్నాయి. ఆడినవి ఆడినట్టు ఆ మిషనే దాస్తుంది, ఏ రోజు ఆడారో కింద తేదీ వేస్తుంది. అది మీకు తెలియదనుకుంటాను. ఆ కొన్నీ శ్రావణం, భాద్రపదం, దసరా రోజులవి. పేరు ధనరాజుదే. కర్రసాము పిల్లే. కానీ ఆడింది ధనరాజు కాదు. సూరత్‌లో ఉన్నవాడు మీ ఇంటి మిషను మీద ఎలా ఆడతాడు?

ఆ చేతుల గురించి చెబుతాను. అలవాటు ప్రకారం ఆపి ఆపి చూశాను.

ఈ మనిషి మొదట్లో దణ్ణం పెట్టరు. గెంతరు. బొమ్మని వెనక్కి జరిపే వెనక బటన్ ఒక్కటే నొక్కి పట్టుకుని అడ్డుపెడుతూ ఉంటారు. కంప్యూటరు బొమ్మ కొడుతూనే ఉంటుంది, ఈ మనిషి తింటూనే ఉంటారు. అడ్డు చాలా బాగుంది, అంత ఓర్పు నాకు కూడా లేదు. కానీ అడ్డుపెట్టినా పెద్ద దెబ్బలకి ప్రాణం గీత కొంచెం కొంచెం అరుగుతుంది. ప్రతి ఆటా అలా అరిగి అరిగి ఓడిపోయారు. ఎప్పుడైనా వేలు తగిలి ఒక దెబ్బ పడి, అవతలి బొమ్మ కింద పడితే, గబగబా వెనక్కి వెళ్ళిపోయి దూరంగా నిలబడతారు. చెయ్యరాని పని చేసినట్టు.

ధనరాజుకైతే ఇలా చెప్పేదాన్ని. పెద్ద దెబ్బ కొట్టినవాడు చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో ఒక్క బటన్ నొక్కు. పడినవాడి దగ్గర నుంచి పారిపోకు. దగ్గరకెళ్ళి నిలబడు. వాడు లేస్తాడు, లేచాకే ఆట.

ఆ గోడ మీరే కదా, పిన్నీ?

ధనరాజు ఎక్కడున్నాడు? నేను తట్టుకోలేనిదైనా సరే, నిజం చెప్పండి.

వసుధ


చికిటి దగ్గర మా ఊరు,
పుష్యం.

అమ్మా వసుధా,

ఈసారి క్షేమం అని రాయను. మొదటిసారి రాసిందీ అబద్ధమే.

నా కొడుకు ఆషాఢంలో పోయాడు. పిడుగు. అన్నానికి ఇంటికొస్తూ మొగలి డొంక పక్కన ఆగినప్పుడు. సూరత్ వెళ్ళింది వాళ్ళ నాన్న ఒక్కడే. కర్మకాండ చేసి మళ్ళీ మిల్లుకి వెళ్ళిపోయాడు, ఇంట్లో ఉండలేక. మా వైపు మగాడు కనపడకపోతే సూరత్ అంటే ఎవరూ మారు అడగరు. అందుకే ఆ మాట నోటికొచ్చింది.

నీ మొదటి ఉత్తరానికి నిజం రాశాను. పోస్టు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను. నీకు వాడు బతికే ఉన్నాడు. వాడు ఏం చేస్తున్నాడని అడిగేవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు. నీ ఉత్తరం వచ్చిన రోజు వాడు షాపు నుంచి వచ్చినట్టే ఉండేది. ఆ సుఖం కోసం నిన్ను తప్పుచేసినదానిలా నిలబెట్టాను. నువ్వు ఆట చూడటం మానేశానని రాసినప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా వాడి నోటితో క్షమాపణ కూడా దొంగగా రాసి పంపాను. చచ్చిన బిడ్డ పేరున అబద్ధం ఆడాను. నా బిడ్డ మీద ఆశతో ఇంకొకరి బిడ్డని నెలల తరబడి ఏడిపించాను. దీనికి నేనేం చెప్పుకోను?

ఇప్పుడు నీకు రావలసినది ఇస్తాను. ఇది కూడా దాచుకున్నాను.

నీ వాయిస్ వాడు విన్నాడు. పోవడానికి ముందు రోజు సాయంత్రం. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే పెద్దగా పెట్టాడు. "అమ్మా, ఇను ఇను, అక్క నన్ను ఉతికి ఆరేసింది" అని నవ్వాడు. నాకు కోపం వచ్చింది. "ఎవుల్తే అది, నా కొడుకుని గుండె లేదనడానికి?" అన్నాను. వాడు కంచం ముందు కూర్చుని అన్నం కలిపాడు. తరువాత, "నిజమేనే అమ్మా. మూలకెల్తే నాకు బయ్యమే. అక్కకి తెలిసిపోయింది" అన్నాడు.

చెయ్యి కడుక్కుని నన్ను పిలిచాడు. ఎప్పుడూ నేను వెనక బటన్ పట్టుకుని కూర్చుంటే వాడు కొట్టేవాడు. అందుకే గోడ అనేవాడు. ఆ రోజు, "గోడా, ఈయాల పని తిరగబడింది. నాను మూలకుంటాను, నువ్వు కొట్టు" అన్నాడు.

"నాకు కొట్టడం రాదురా."

"నీకూ కర్రసాము పిల్లే. ఈ ఎర్రది నొక్కితే కర్ర, ఈ పచ్చది నొక్కితే తన్ను. అంతే. నొక్కే."

నొక్కాను. మెల్లిగా నొక్కాను. దెబ్బ తగిలితే బొమ్మ అరుస్తుంది కదా, అది వాడే అరిచినట్టుంది నాకు.

"గట్టిగా నొక్కే అమ్మా! నన్ను కాదే, తెర మీదోడిని. బియ్యంలో రాళ్ళేరినట్టు నొక్కుతావేటి?"

"నీ మొకం, తెర మీద నీ పేరే ఉంది కదరా."

"అయితే ఆ పేరునే కొట్టు. నాను నిలబడడం నేర్సుకోవాల."

కొట్టాను. వాడు నిలబడ్డాడు. మధ్యలో గెంతబోయి, "అమ్మో, అక్కా" అని నాలుక కరుచుకుని ఆగాడు. నేనే అలసిపోయాను, పొయ్యి మీద పాలు పొంగాయని లేచాను. "సూసావా, గెంతలేదు. ఇది అక్కకి పంపాల. బరంపురం కూడా ఎల్తాను, నువ్వొస్తావా?" అన్నాడు. "పూల పని మానుకుని నానేటి సెయ్యాల అక్కడ?" అన్నాను.

నీ మాట వాణ్ణి చంపలేదమ్మా. ఆ మాటతో వాడు ఒక సాయంత్రం పని చేసుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం లేడు.

నాకు ఉన్న బరువు వేరు. నా బిడ్డతో నేను ఆఖరున చేసిన పని వాణ్ణి కొట్టడం. ఆటే. వాడు కొట్టమంటేనే. అయినా నా వేలు నాకు గుర్తుంది. తరువాత వాడి పేరుతోనే మిషను వెలిగించి కూర్చున్నాను. ఎర్రదీ పచ్చదీ ముట్టుకోలేదు. తగిలితే పొరపాటున తగిలినవే. వెనక బటన్ పట్టుకుని, ఎవరు కొడితే వాళ్ళ చేత తిన్నాను. నాకు అదే సరి అనిపించింది. నువ్వు అదంతా తెర మీద చూసేశావు.

ఇంక నువ్వు రాయకపోయినా న్యాయమే. ఆ పిల్లల ఆటలు మాత్రం చూడు.

ధనరాజు తల్లి


బరంపురం,
శివరాత్రి వెళ్ళాక.

పిన్నికి,

ఇన్నాళ్ళు రాయలేదు. మొదట ఏడ్చాను. తరువాత మీ మీద కోపం వచ్చింది, అది దాచను. ప్రతి ఉత్తరంలో నేను వాణ్ణి బతిమాలుతుంటే మీరు చదివి ఊరుకున్నారు. దసరాకి నాన్నగారు, "ఏమిటే, పండగ పూట ఆ మొహం?" అంటే, ఒక పిల్లవాడి జీవితం పాడుచేశాను నాన్నా అన్నాను. ఆయన నాతో పాటు బాధపడ్డారు. మీ ఉత్తరం ఆయనకి ఇచ్చాను. చదివి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఇంత బరువైన నిజం ఆవిడ ఒక్కతే మోసిందే" అన్నారంతే. నా కోపం అప్పుడే పోలేదు. మెల్లిగా పోయింది.

వాడు నా మాటకి నొచ్చుకోలేదన్నారు. అది వాడి మంచితనం. మాట మాత్రం చెడ్డ మాటే. ఎదుటివాడు మంచివాడైతే నా తప్పు తగ్గిపోదు. పిల్లల ఆటలు మళ్ళీ చూస్తున్నాను. ఇప్పుడు గ్రూపులో చెప్పను, ఎవరి తప్పు వాళ్ళకే చెబుతున్నాను. నవ్వు బొమ్మలకి చోటు లేదు.

ఇంకొకటి. మీ ఉత్తరం చదివాక పెన్‌డ్రైవ్ మళ్ళీ పెట్టాను. ఆషాఢం నాటి ఆఖరి ఆట ఒకటి నేను చూడకుండా దాటేశాను. అవతల ఎవరో బటన్లు వెతుక్కుంటూ మెల్లిగా కొడుతున్నారు, చూడటానికి ఏమీ లేదనుకున్నాను. తప్పులు చూసేదాన్ని, ఏది చూడాలో అదే చూడలేదు.

ఇప్పుడు చూశాను. మూలలో ధనరాజు కర్రసాము పిల్ల. మొదట రెండుసార్లు వంగి దణ్ణం పెట్టింది, పిన్నీ, మీకు. మీరు అప్పుడు కొట్టలేదు, వంగడం అయ్యేదాకా ఆగారు. తరువాత కొట్టారు. ఒకచోట పైకి లేవబోయి ఆగాడు, మీరు చెప్పిన చోటే. ఆఖరి దాకా గెంతలేదు. ఒక్కసారి కూడా.

ఆపి ఆపి చూశాను. అందులో తప్పు లేదు. మీది కూడా లేదు. మీరు కొట్టకపోతే వాడు నిలబడ్డాడని ఎవరికి తెలిసేది?

పెన్‌డ్రైవ్ తిరిగి పంపుతున్నాను. ఆ ఆట నా దగ్గర కూడా దాచుకున్నాను.

వసుధ


చికిటి దగ్గర మా ఊరు,
చైత్రం.

అమ్మా వసుధా,

ఇక్కడ నేనున్నాను. నువ్వూ మీ నాన్నగారూ బాగుండాలి.

వాడు పనిచేసిన షాపు శ్యామసుందర్‌ని ఇంటికి పిలిచాను. ఆ ఆట పెట్టి చూపించాడు. జయలక్ష్మి కూడా వచ్చి కూర్చుంది. "ఓలమ్మా, ఈ కర్ర తిప్పుతున్నది నువ్వేటే కాసమ్మా? మీ ఆయన సూరత్‌లో ఉండబట్టి బతికిపోయాడు" అంది. నవ్వొచ్చింది నాకు. నవ్వినందుకు ఆ రోజంతా వాడికేదో అన్యాయం చేసినట్టే ఉంది. అయినా నవ్వాను, నీకు దాచను.

వెళ్ళేటప్పుడు శ్యామసుందర్ని ఒక పని అడిగాను. తెర మీద ధనరాజు పేరు అలాగే ఉంచి, పక్కన ఇంకొక పేరు పెట్టమన్నాను. వాడి పేరుతో ఇంక ఆడను. వాడి ఆటలు వాడివి. ఆఖరిది వాడు నిలబడినది. దాని మీద నా ఓటములు వెయ్యకూడదు.

పెన్‌డ్రైవ్ మళ్ళీ పంపుతున్నాను. ఇందులో నా పేరున ఒక ఆట ఉంది. ఓడిపోయాను. ఓడినవే పంపాలి కదా. అడ్డు పట్టుకుని కూర్చున్నాను, నువ్వు చెప్పిన క్షణం కోసం చూశాను. చాలాసార్లు నా వేలు లేవనే లేదు. ఒకసారి లేచింది. ఎర్రది నొక్కాను. అవతలి బొమ్మ పడిపోయింది.

నా చెయ్యి వెనక బటన్ మీదకి వెళ్ళింది. నీ మాట గుర్తొచ్చి తీసేశాను. ముందుకే నడిచి, ఆ పడినవాడి దగ్గర నిలబడ్డాను. వాడు లేచేదాకా అక్కడే ఉన్నాను. లేవగానే నన్ను కొట్టాడు.

అక్కడ ఆపి చూడు. తప్పు నాదేనా, ఏం చెయ్యాల్సిందో రాయి. మెత్తగా రాయక్కర్లేదు.

కాసమ్మ,
ధనరాజు తల్లి